ఫైళ్లు కట్టే దారం

కాణిపాకం క్రాసులో బస్సు ఆగి పది నిమిషాలైంది, కదిలే జాడ లేదు. దిగేవాళ్లు దిగుతూనే ఉన్నారు, గుండ్లకు గంధం పూసుకున్నవాళ్లు, లడ్డు కవరు పళ్లతో పట్టుకుని పిల్లల్ని చంకనెత్తుకున్నవాళ్లు, ఒకామె దిగిపోయి చెప్పు మరిచానని మళ్లీ ఎక్కింది, కండక్టరు ఆ చెప్పు కోసం సీట్ల కింద వంగి వెతుకుతున్నాడు, వెతకనీ, ఎవరికేం తొందర, తొందర నాకొక్కదానికే. అక్కడ మా ఆసుపత్రిలో రంజాన్‌బీ నొప్పులు పడుతూ ఉంటుంది. పడుతూ ఉంటే చాలు, కనేసి ఉండకూడదు. ఇరవై ఏళ్లుగా కాన్పులు చేస్తున్న స్టాఫ్ నర్సు ప్రసన్నకుమారిని, ఇంతమందిని ముక్కమ్మా ముక్కు అని తొందరపెట్టినదాన్ని, ఈరోజు ముప్పై కిలోమీటర్ల అవతల నుంచి కాస్త ఆగు తల్లీ అని బతిమాలుకుంటున్నాను. ఎందుకంటే ట్రేలో దారం సిద్ధంగా ఉంది. నేనే పెట్టి వచ్చాను. మూడు రోజుల కిందట తిరుపతికి ట్రైనింగుకు బయల్దేరేటప్పుడు జానెడు ఎర్ర దారం కోసి, చుట్ట చుట్టి, కత్తెర పక్కన పెట్టి, ఆయా దేవకమ్మను పిలిచి, రంజాన్‌బీ బిడ్డ పుట్టగానే కుడిచేతికి కట్టెయ్, మరిచిపోవద్దు అని ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ వచ్చాను. దేవకమ్మ మరిచిపోయే రకం కాదు, అదే నా ఖర్మ.

తిరుపతి బస్టాండులో రూపాయి ఫోను నుంచి చేశాను. ఆఫీసులో క్లర్కు వెంకటేశ్వర్లు ఎత్తాడు. దేవకమ్మను పిలవవయ్యా, లేదంటే ఒక్క మాట చెప్పు, నేను పెట్టిపోయింది కట్టొద్దని చెప్పు అన్నాను. "లేబర్ రూము దాకా ఎవురు పోతారు సిస్టరమ్మా, ప్యూను లేడు. మీరే వస్తా ఉండారు గదా, వచ్చి చెప్పుకోండి" అన్నాడు, ఫోను పెట్టేశాడు. ఆఫీసుకూ లేబర్ రూముకూ మధ్య నలభై అడుగులు. ఆ మనిషి టీ తాగడానికి గేటు దాకా రోజుకు ఆరుసార్లు నడుస్తాడు. ఇంకో రూపాయి వేసి తిట్టి ఉండాల్సింది, చిల్లర లేకపోయింది. నా పక్క సీటులో ముసలామె నిద్రపోతోంది, ఆమె చెయ్యి నా చెయ్యి మీద పడి ఉంది, మణికట్టుకు ఎర్ర దారం, ఏ గుడిదో, కొత్తది, ఇంకా మెరుస్తోంది. దాన్ని చూడకూడదని కిటికీ వైపు తిరిగితే బయట బండి మీద కుంకుమ పొట్లాల పక్కన కట్టలు కట్టలుగా అదే. ఈ చుట్టుపక్కల ఎర్ర దారం కట్టుకోని చెయ్యి ఏది. అందుకే కదా నాకు ఆ ఆలోచన వచ్చింది. వచ్చినప్పుడు నా అంత తెలివైనది జిల్లాలోనే లేదనుకున్నాను.

రెండేళ్ల కిందటి మాట. కడుపుతో ఉన్నవాళ్లందరికీ హెచ్‌ఐవీ రక్తపరీక్ష చేయడం అప్పుడే మొదలుపెట్టారు. ఉందని తేలితే కేసు షీటు మీద ఎర్ర సిరాతో పెద్ద సున్నా చుట్టేవాళ్లం, ఆ షీటు మంచం కాళ్ల దగ్గర తగిలించి ఉండేది, వచ్చినవాళ్లూ పోయినవాళ్లూ చదివేవాళ్లు. ఒకామె మరిది చదివాడు, ఆ సాయంత్రమే ఆమె పెట్టెను ఆసుపత్రి మెట్ల మీద పడేసి పోయారు. తర్వాత పైనుంచి కాగితం వచ్చింది, ఎక్కడా రాయకూడదు, రహస్యంగా ఉంచాలి అని. డాక్టరు చక్రధర్ మీటింగు పెట్టాడు. రాయొద్దంటే ఎట్లా, ఎవరికి రెండేసి గ్లౌజులు వేసుకోవాలో, ఎవరిని ఎడంగా పడుకోబెట్టాలో మనకెట్లా తెలియాలి, రహస్యమంటే మన దగ్గర కూడానా అన్నాడు. అందరూ తలలు ఊపారు. నేను చెయ్యెత్తాను. ఎవరు ఎత్తమన్నారు నన్ను. బిడ్డ చేతికి ఎర్ర దారం కడదాం సార్, మనకు గుర్తు, చూసేవాళ్లు గుడి దారం అనుకుంటారు, ఎవరికీ అనుమానం రాదు అన్నాను. డాక్టరు నా వైపు చూసి, మంచి ఉపాయం సిస్టర్ అన్నాడు. ఇరవై ఏళ్లలో ఒక డాక్టరు నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఇంటికి పోయి మా ఆయనకు కూడా చెప్పుకున్నాను. దారం కొనాల్సిన పని కూడా లేదు, రికార్డు రూములో ఫైళ్లు కట్టే ఎర్ర దారం ఉండలు ఉండలుగా ఉంది, దాన్నే తెచ్చుకున్నాం. పాత కాగితాల కట్టలకు కట్టేదాన్ని పచ్చి బిడ్డల చేతులకు కట్టాం. నెలా రెండు నెలల్లో పల్లెల్లో టీకాలు వేసే ఏఎన్‌ఎంలకూ తెలిసిపోయింది, నెల మీటింగుకు వచ్చినప్పుడు చెవిలో చెప్పుకున్నారు, మా ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు ఎర్ర దారం ఉంటే జాగ్రత్త అని. ఆ చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. అవును, ఉన్నాను, ఎందుకు దాచడం, ఈ బస్సులో ఎవరు వింటున్నారు.

కదిలింది. చెప్పు దొరికినట్టుంది.

మూడు రోజుల ట్రైనింగు, హోటల్లో పై అంతస్తు హాలు, చల్లటి గది, తలా ఒక సంచీ, సంచీలో పుస్తకం, పెన్ను, పైటకు గుచ్చుకోవడానికి ఎయిడ్స్ గుర్తు ఎర్ర రిబ్బను ముక్క. నలభైమంది నర్సులం నలభై రిబ్బన్లు గుచ్చుకుని కూర్చున్నాం. ట్రైనింగు మేడమ్ చిన్న వయసుది, మంచిగా చెప్పింది, చెడ్డగా చెప్పిందని అననీయను. ఎవరి రక్తంలో ఏముందో ఎవరికీ తెలియదు కాబట్టి అందరి దగ్గరా ఒకే జాగ్రత్త అంది, తేలినవాళ్లకు రెండు గ్లౌజులు తేలనివాళ్లకు వట్టి చేతులు అంటే మీకూ రక్షణ లేదు, వాళ్లకూ పరువు లేదు అంది. సరే తల్లీ. మరి ఆ గ్లౌజులేవి. మా దగ్గర ఒక జత గ్లౌజులు కడిగి, తీగ మీద ఆరేసి, పౌడరు చల్లి, ఉడకబెట్టి మళ్లీ వాడతాం, ఒక చేతికి ఏడో నంబరు, ఇంకో చేతికి ఆరున్నర, వేళ్ల చివర చిల్లులు, కొత్తవి బీరువాలో ఉంటాయి, బీరువాకు తాళం, తాళం డాక్టరు జేబులో. అడిగాను కూడా. మేడమ్ రాసుకుంది. రెండో రోజు మాకు తలా ఒక చీటీ ఇచ్చి, హెచ్‌ఐవీ ఉన్న తల్లి విషయంలో మీరు చేసిన ఒక తప్పు రాయండి, పేరు వద్దు అంది, డబ్బాలో వేయించి చదివింది. ఒకరు విసుక్కున్నానని రాశారు, ఒకరు దుప్పటి ఇవ్వడం ఆలస్యం చేశానని రాశారు, అందరూ చిన్న చిన్న తప్పులే, దొంగమొహాలు, నలభైమందిలో ఒక్కరు కూడా నిజం రాయలేదు. నేనేం రాశాను. గ్లౌజులు లేవు అని రాశాను. తప్పు రాయమంటే ఫిర్యాదు రాశాను. మేడమ్ అది చదివి, ఇది మీ తప్పు కాదు కదండీ అంటే హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. అయినా ఈ ట్రైనింగుకు పిలిస్తే నర్సుల్నే పిలుస్తారు, డాక్టరుకు తీరదు, దేవకమ్మను అసలు లెక్కలోకే తీసుకోరు. రక్తం గుడ్డలు ఉతికేది దేవకమ్మ, మాయ తీసుకుపోయి గుంటలో పూడ్చేది దేవకమ్మ, దానికి గ్లౌజులన్న మాటే లేదు. దానికి తెలిసిన ట్రైనింగల్లా నేను చెప్పిందే, దారం కట్టు అని.

ఈ రోజు, మూడో రోజు, భోజనాలకు ముందు ఒక తల్లి మీతో మాట్లాడుతుంది అన్నారు. తెర వెనక కూర్చుని మాట్లాడొచ్చు అన్నారట, అక్కర్లేదు అందట. వచ్చింది. సన్నటి మనిషి, ఆకుపచ్చ చీర, చంకలో ఏడాదిన్నర పాప. మైకు పట్టుకోవడం తెలియక రెండు చేతులతో పట్టుకోబోతే పాప జారింది, పాపను ఎగేసి సర్దుకుని, "నా పేరు ధరణి. మాది పలమనేరు తట్టు పల్లె. మా ఇంటాయన బోరుబండి మింద పని చేస్తా ఉండె. ఆయన పొయ్యి ఎనిమిది నెలలాయ" అంది. నాకు గొంతు తెలియలేదు. గొంతు తెలిసేటట్టు ఆమె నాతో ఎప్పుడు మాట్లాడింది గనుక, నేను ఎప్పుడు మాట్లాడనిచ్చాను గనుక. పాప మైకు తీగను అందుకోబోయి చెయ్యి చాపింది, ఆ చేతికి దారం, ఎరుపు పోయి మట్టిరంగు తేలింది, రెండు మూడు చోట్ల ముళ్లు, ఒకచోట మాత్రం వరసగా మూడు, మూడో ముడి పక్కకు. ఆ ముడి నాది. బొడ్డుకు వేసే ముడి అది, ఇరవై ఏళ్లుగా వేస్తున్నాను, నా ముడి నేను ఎక్కడున్నా గుర్తుపడతాను.

ఏడాదిన్నర కిందట, శుక్రవారం మధ్యాహ్నం. వరండా చివర మంచం. డాక్టరు చక్రధర్ గుమ్మంలో నిలబడి కాగితం చూసి, తిరుపతికి పంపించేయండి అన్నాడు, బండి లేదు సార్ అంటే బండి వచ్చేదాకా ఉంచండి అన్నాడు, తల కనిపిస్తోంది సార్ అంటే నాకు ఓపీ ఉంది అని పోయాడు. ఓపీలో ఆ మధ్యాహ్నం ముగ్గురున్నారు. నేను రెండు గ్లౌజులు, ముక్కుకు గుడ్డ, తలకు టోపీ, మోకాళ్ల దాకా ప్లాస్టిక్ పట్ట, ఇంత వేషం వేసుకుని మంచానికి బారెడు దూరంలో నిలబడి ముక్కమ్మా ముక్కు అన్నాను. ఆమె చెయ్యి చాపింది. పట్టుకోమని. ఏం కాదు పట్టుకుంటే, చెయ్యి పట్టుకుంటే ఏం కాదని అప్పుడూ తెలుసు నాకు, ట్రైనింగు కొత్తగా చెప్పిందేం లేదు, తెలిసి కూడా ఆ మంచం ఇనుప కడ్డీ చూపించి దాన్ని పట్టుకో అన్నాను. బిడ్డ మంచం మీద పరిచిన ప్లాస్టిక్ షీటు మీదికి జారింది, ఒక్క క్షణం ఎవరి చేతుల్లోనూ లేదు, లోకంలోకి వచ్చిన బిడ్డను అందుకోవడానికి ఒక చెయ్యి లేదు. అందుకుంది దేవకమ్మ. వట్టి చేతులతో. అయ్యో పడిపోతాది అంటూ వచ్చి అందుకుంది. నేను బొడ్డు కోశాను, తల్లి జబ్బు బిడ్డకు అంటకుండా చుక్కల మందు వేశాను, అది మాత్రం వేశాను, ఆ తర్వాత ఆ పిడికిలి విప్పి దారం కట్టాను. తల్లి చూస్తోంది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే చూస్తోంది, నేను దారం కడుతుంటే దణ్ణం పెట్టబోయింది, నొప్పికి అలా చేస్తోందనుకున్నాను.

ఆమె మైకులో చెప్పింది. "మీ మాదిరి సిస్టర్లే ఉండిరి ఆడ. నేను అరస్తా ఉంటే ఒకరన్నా దగ్గిరికి రాలే. ఒకే ఒక సిస్టరమ్మ, మొగం కనపడలే, గుడ్డ కట్టుకోనుండె, ఆయమ్మ మాత్రం నా బిడ్డ చేతికి ఇదో ఈ దారం కట్టినాది. నేనేం అడగలే. నా బిడ్డ సల్లగుండాలని ఒకామన్నా అనుకునింది గదా అని ఏడిస్తి. ఆయమ్మ యాడుండాదో. ఆయమ్మ బిడ్డలు బాగుండాల." హాలులో కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఆమె ఆగలేదు. "మా ఊర్లో నేను ఎవురికీ చెప్పలే. మా అత్తకు గూడా చెప్పలే. ఎట్ల తెలిసిందో నాకు ఇప్పటికీ తెలీదు. పాపకు సూది ఏపీడానికి పొయ్యినప్పుడు ఆడుండే సిస్టరు పాప చెయ్యి పట్టుకోని సూసి టక్కన వదిలేసింది. వారం దినాల్లో ఊరంతా తెలిసిపాయ. పాల కేంద్రంలో మా పాలు వొద్దన్నారు. జబ్బు నాకుంటే ఆవు ఏం జేసింది సార్." అప్పుడు కొందరు నవ్వారు, ఆమె కూడా కొంచెం నవ్వింది. పోయిన నెల పాపకు పరీక్ష చేశారు, లేదన్నారు, అంది. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఈ చేతులే, ఇప్పుడు సంచీ మీద పెట్టుకున్న ఈ చేతులే, కొట్టాయి. ఊరికి చెప్పింది నేనమ్మా అని లేచి అరవాల్సిన చోట చప్పట్లు కొట్టుకుంటూ కూర్చున్నాను. నువ్వు కళ్లకద్దుకుంటున్న దారమే నీ గుట్టు చెప్పింది, దాన్ని చూసే ఆ సిస్టరు చెయ్యి వదిలేసింది, నీ ఆవు పాలు కాలవలో పోసింది నా తెలివితేటలు.

చిత్తూరు. బస్టాండు. ఐదు నిమిషాలు అని కండక్టరు అరుస్తాడు, పదిహేను తీసుకుంటాడు. డ్రైవరు దిగి మొహం కడుక్కుంటున్నాడు, కడుక్కో నాయనా, నిదానంగా కడుక్కో. మూడున్నర. నొప్పులు పొద్దున మొదలైతే, రంజాన్‌బీకి ఇది రెండోది, రెండోది త్వరగా అవుతుంది. ఒకవేళ నిన్ననే అయిపోయి ఉంటే. అయిపోయి, దారం కట్టేసి, మూడో రోజు ఇంటికి పంపేస్తే. పెద్ద మసీదు వీధిలో వాళ్ల దుకాణం, ఆ వీధికి టీకాలకు వచ్చే అమ్మాయి ఎవరో నాకు తెలుసు, దానికి దారం సంగతి చెప్పింది ఎవరో కూడా తెలుసు.

భోజనాల దగ్గర ధరణి పాపతో ఒక బల్ల దగ్గర కూర్చుంది. అటు రెండు కుర్చీలు ఖాళీ, ఇటు రెండు కుర్చీలు ఖాళీ. ఎర్ర రిబ్బన్లు గుచ్చుకుని, చప్పట్లు కొట్టి, కళ్లు తుడుచుకున్న నలభైమందికి ఆ నాలుగు కుర్చీలు కనబడలేదు, పులిహోర ప్లేట్లతో నిలబడి తిన్నారు గానీ కూర్చోలేదు. ట్రైనింగు మేడమ్ పోయి కూర్చుంది, అది చూసి నాకు ఇంకా మండింది. నేనూ పోయి కూర్చున్నాను. చెబుదామనే పోయాను, దేవుడి మీద ఒట్టు. పాప నా రిబ్బను పీకింది. ఆ చేతిని పట్టుకున్నాను, మొదటిసారి గ్లౌజు లేకుండా, మెత్తగా, జిగురుగా, పెరుగన్నం అంటుకుని ఉంది. దారం బాగా మురికి పట్టిందమ్మా, తీసేస్తాను అన్నాను, నా సంచీలో చిన్న కత్తెర ఎప్పుడూ ఉంటుంది. "వొద్దు సిస్టరమ్మా" అంది, పాప చెయ్యి లాక్కుంది, కోపంగా కాదు, భయంగా. "రెండు తూర్లు తెగిపోతే మా అత్త మళ్లా ముడేసింది. కాణిపాకం పొయ్యి సామి పాదాల కాడ పెట్టి తెచ్చుకునింటిమి దీన్ని. పాపకు పేరు గూడా వరసిద్ధి అనే పెట్టుకున్నాం." రికార్డు రూము దారాన్ని. వెంకటేశ్వర్లు ఫైళ్లకు కట్టే దారాన్ని తీసుకుపోయి దేవుడి కాళ్ల దగ్గర పెట్టారు, దాన్ని బట్టి బిడ్డకు పేరు పెట్టారు. నా నోట్లో మాట ఉంది, ఆ దారం కట్టింది నేనేనని, అన్నంముద్దతో పాటు ఉంది, రెండూ కలిపి మింగేశాను. మింగింది పిరికితనం వల్లే, అందులో అనుమానం లేదు. కానీ చెబితే ఏమయ్యేది. ఆ రోజు మొత్తంలో ఆమెకు మిగిలిన మంచి అదొక్కటే. నా మనసు తేలికపడడం కోసం అది కూడా లాక్కోవాలా, మొగుడు పోయాడు, ఊరు పోయింది, పాలు పోయాయి, ఆ ముక్కుకు గుడ్డ కట్టుకున్న సిస్టరమ్మ కూడా పోవాలా. చెప్పకపోతే మాత్రం ఆ పాప చేతికి అది ఉన్నన్నాళ్లూ, ప్రతి టీకా దగ్గరా, ప్రతి బడి దగ్గరా, మా జిల్లాలో ఏ తెల్లచీర కంటబడినా అది మాట్లాడుతూనే ఉంటుంది, లేని జబ్బును ఉందని చెబుతూనే ఉంటుంది. తీసేయనివ్వరు. తీసేయమని చెప్పడానికి నాకు నోరు లేదు. ఈ ముడి వేసినంత సులభంగా విప్పడం రాదేం నాకు.

రంజాన్‌బీ బిడ్డనైనా కాపాడాలి. కట్టక ముందే పోవాలి. ఈ రోడ్డంతా ఎత్తు, బస్సు మూలుగుతూ ఎక్కుతోంది, ముందు మామిడికాయల లారీ, దాని ముందు ఇంకో లారీ, కిటికీలోంచి చల్లగాలి వస్తోంది, నాకు చెమటలు. రిబ్బను పైటకే ఉంది, ఇప్పుడు చూసుకున్నాను, పీకి కిటికీలోంచి పారేశాను.

ఆసుపత్రి గేటు దగ్గర దిగి ఇంటికి పోలేదు, సంచీతోనే లేబర్ రూముకు పోయాను. దేవకమ్మ బకెట్లో గుడ్డలు నానబెడుతోంది, వట్టి చేతులు మోచేతుల దాకా నీళ్లలో. నన్ను చూసి నవ్వింది. "వచ్చేస్తివా అమ్మా. రంజాన్‌బీకి మొగబిడ్డ. పొద్దున పదకొండుకు. నువ్వు చెప్పి పొయ్యినావు గదా, పుట్టంగానే కట్టేసినా." ఒక మంచి పని చేసినట్టు చెప్పింది. చెంప పగలగొట్టాలనిపించింది, దానిది కాదు, ఎవరిదో, చుట్టూ చూస్తే అద్దంలో నేనే ఉన్నాను. కత్తెర తీసుకుని వార్డులోకి పోయాను. పదకొండు మంచాలు, పదకొండుమంది పసివాళ్లు, పది జతల వట్టి మణికట్లు, కిటికీ పక్కన చివరి మంచంలో ఒక్క చేతికి ఎర్రగా. రెండు మంచాల ఎడం వదిలి పడుకోబెట్టారు. రంజాన్‌బీ నిద్రలో లేదు, బిడ్డను ఆనించుకుని ఆ దారాన్ని వేలితో సర్దుతోంది. నన్ను చూసి, "ఇది దర్గాదా సిస్టర్, గుడిదా" అని అడిగింది. "ఏదైనా పర్వాలేదులే, ఉండనీ. పెద్దామె కట్టినాది, దువా మాదిరి" అంది. కత్తెర నా చేతిలో ఉంది. కోసేస్తే ఎందుకని అడుగుతుంది. కోసేసినా ఈ వార్డులో అందరికీ ఇప్పటికే తెలుసు, ఆ రెండు మంచాల ఎడమే చెబుతూ ఉంది, ఇది కోస్తే ధరణి పాప చేతి దారం ఏమవుతుంది, అది అలాగే ఉంటుంది, జిల్లాలో ఒంటరిగా, ఇంకా గట్టిగా మాట్లాడుతూ.

అందరి దగ్గరా ఒకే జాగ్రత్త. మూడు రోజులు చెవుల్లో పోసిన మాట అప్పుడు ఎక్కింది నాకు, గ్లౌజుల దగ్గర కాదు, ఇక్కడ, అందరి చేతికీ ఒకే దారం అని. ఆఫీసుకు పోయి వెంకటేశ్వర్లు బల్ల సొరుగు లాగి దారం ఉండ మొత్తం తీసుకున్నాను. "అది ఫైళ్లకు సిస్టరమ్మా" అన్నాడు. నీ ఫైళ్లు ఎక్కడికీ పారిపోవులే అన్నాను. దేవకమ్మను చేతులు సబ్బుతో కడుక్కుని రమ్మన్నాను, కానీ వార్డుకు తీసుకుపోలేదు. ముందు స్పెషల్ రూముకు తీసుకుపోయాను. అక్కడ డాక్టరు చక్రధర్ చెల్లెలు ఉంది, మొన్ననే కాన్పయింది, ఆయన కట్టిస్తున్న నర్సింగుహోముకు ఇంకా గోడలే లేచాయి కాబట్టి ఇక్కడే పురుడు పోసుకున్నారు, ఆ కాన్పుకు బీరువాలోంచి కొత్త గ్లౌజులు వచ్చాయి, ఆయన ఓపీ కూడా మానుకున్నాడు. డాక్టరు తల్లి మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను జానెడు దారం కోసి పాప కుడిచేతికి కట్టాను, మూడు ముళ్లు.

"ఏం దారం అమ్మా ఇది, కాణిపాకందా?" అంది ఆ పెద్దావిడ.

"మా ఆసుపత్రిదమ్మా. బిడ్డలకు కడతాం. సారే మంచి ఉపాయం అన్నారు" అన్నాను. అందులో అబద్ధం లేదు. ఆవిడ పాప చేతిని ఎత్తి ఆ దారాన్ని కళ్లకద్దుకుంది.

అప్పుడే డాక్టరు వచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు. పాప చెయ్యి చూశాడు, దేవకమ్మ చేతిలో ఉండ చూశాడు, నన్ను చూశాడు. ఆ మొహం నేను ఇంతకుముందు ఒకసారి చూశాను, ధరణి కాగితం చదివినప్పుడు.

"సిస్టర్. తీసెయ్యండి అది" అన్నాడు, గొంతు తగ్గించి.

"ఎందుకురా తీసేది" అంది వాళ్లమ్మ. "శుభమా అని కట్టిందాన్ని. ఏముండాది దాంట్లో?"

చెల్లెలు కూడా మంచం మీది నుంచి తల తిప్పి అన్న వైపు చూసింది. నేనూ చూశాను. నాకు తొందర లేదు. బస్సులో పడిన తొందరంతా పోయింది, ఆయన చెప్పేదాకా, రాత్రయినా సరే, అక్కడే నిలబడగలను. "చెప్పండి సార్. అమ్మ అడుగుతున్నారు, ఎందుకు తీసెయ్యాలో" అన్నాను. ఆయన తల్లి వైపు చూశాడు. పాప ఆవులించింది. "ఏం లేదులేమ్మా. ఉండనీ" అన్నాడు చివరికి.

బీరువా తాళం ఇవ్వండి సార్ అన్నాను. జేబులోంచి తీసి ఇచ్చాడు, ఎందుకని అడగలేదు. ఒక కొత్త జత తీసి దేవకమ్మకు ఇచ్చాను, రేపు గుడ్డలు ఉతికేటప్పుడు వేసుకో అంటే, అది వాటిని తిప్పి తిప్పి చూసి కొంగున ముడేసుకుంది. వార్డు గుమ్మంలో ఆగి, ధరణి వాళ్ల పలమనేరు తట్టు పోయే బిడ్డలు ఎంతమంది ఉన్నారు అని అడిగాను. అది మంచాలు లెక్కపెట్టుకుని నలుగురు అంది. ముందు ఆ నలుగురికీ కట్టాం.